కాళ్ళు నేలకు ఆనే బండి

జూన్ 4, మంగళవారం

టీకాల రిజిస్టరు వెనక ముప్ఫై పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఇక్కడ రాసుకుంటే ఎవరూ చూడరు. జిల్లా నుంచి తనిఖీకి వచ్చేవాళ్ళు ముందు పేజీలే చూడరు. టీ తాగి, తేనె సీసా చంకలో పెట్టుకుని వెళ్ళిపోతారు.

ఇవాళ బడి వరండాలో ఊరు కూర్చుని తేల్చింది. ఆస్పత్రి గదికి మోటారుసైకిలు కొంటారు. ఇంటికొక గొర్రె ఇస్తామన్నారు, ఇవ్వలేనివాళ్ళు ఉన్ని ఇస్తామన్నారు. వేసవిలో ఊళ్ళో మంచి గుర్రమంటూ మిగలదు, అన్నీ పైన కొండల్లో మేతకు పోతాయి. మిగిలిన ముసలి గుర్రం మీద పైకి వెళ్ళాలంటే ఆరు గంటలు. మోటారుకి గంటన్నర చాలట.

"ఎక్కేది నువ్వు, ఎంచుకునేదీ నువ్వే" అన్నాడు దోలొత్ తాత. ఊళ్ళో గుర్రం కొనాలంటే ఆయన చూసి సరే అనాలి. "నేను పక్కనుంటా. గుర్రాన్ని చూసిన కన్ను ఇనుముని చూడలేదా ఏంటి?"

అందరూ నవ్వారు. పోయిన ఏడు జులై సంగతి ఎవరూ ఎత్తలేదు. గొర్రెలు ఇచ్చేది మాత్రం దాని గురించే. తమ్ముడు మురాస్ భార్య పెరిజాత్‌కి పైన గుడారంలోనే నొప్పులొచ్చాయి. నేను వెళ్ళేసరికి ఆలస్యమైంది. బిడ్డ దక్కలేదు. వాగు పొంగింది, గుర్రం దాటనంది అని ఊరికి చెప్పాను. ఊరు నమ్మింది.

పెరిజాత్‌కి మళ్ళీ నెలలు. జులై ఇరవైకి పురుడు.

పోయిన జులై గురించి ఇక్కడ ఇంక రాయను.

జూన్ 9, ఆదివారం

సంతకు వెళ్ళాం. ముందు గొర్రెలు, తర్వాత గుర్రాలు, అన్నిటికీ చివర ఇనుప గొలుసు అవతల మోటారు బళ్ళు. గుర్రాల వరస దాటడానికే గంట పట్టింది. ప్రతి గుర్రం నోరూ తెరిచి చూడందే దోలొత్ తాత అడుగు కదపడు. కొనేది లేదు, చూసేది మాత్రం వదలడు.

బళ్ళమ్మే మనిషి సన్నగా, నల్ల టోపీతో ఉన్నాడు.

"మొదటి బండా అక్కా?"

"మొదటిదే."

"అయితే ఇది చూడు" అని ఒక చిన్న ఎర్ర బండి ముందుకు తోశాడు. కూర్చున్నాను. రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాయి.

వెనక నవ్వులు మొదలయ్యాయి. మా ఊరివాళ్ళే, గొర్రెలు అమ్మడానికి వచ్చినవాళ్ళు.

"చూడండ్రోయ్, నర్సమ్మ గాడిదెక్కింది!"

"తేనె సబీరాకి తోడు దొరికింది!"

తేనె సబీరా మా ఊళ్ళో తేనెటీగలు పెంచుతుంది. అరవై దగ్గర పడింది, మనిషి లావు. రంగు పోయిన చిన్న బండి వెనక పెట్టెలు కట్టుకుని కొండలన్నీ తిరుగుతుంది. ఆ బండిని ఊరంతా గాడిద అంటారు. నేనూ అంటాను. కాళ్ళు నేలకు తగిలేది గాడిదెక్కిన పిల్లలకే కదా. గుర్రమెక్కిన మనిషికి నేలతో పనేంటి?

"నవ్వితే నవ్వనీ అక్కా" అన్నాడు టోపీ మనిషి. "కొత్తలో కాళ్ళు ఆనాలి. ముందు అదే చూసుకోవాలి. ఆ తర్వాత బరువు. పడితే నువ్వే లేపుకోవాలిగా."

"పడటమెందుకు? నాలుగేళ్ళప్పట్నుంచి గుర్రమెక్కుతున్నాను."

"గుర్రం వేరక్కా."

"దీనికన్నా ఎత్తుది ఉందా?" అన్నాను.

ఉంది. నీలం రంగుది. సీటు నా నడుము దాటి ఉంది. దోలొత్ తాత దాని చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద చరిచాడు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, "ఛాతీ వెడల్పుంది" అన్నాడు. టోపీ మనిషి స్టార్ట్ చేశాక కళ్ళు మూసుకుని విని, "గొంతు బాగుంది" అన్నాడు. అక్కడున్న మగవాళ్ళందరూ తలలూపారు. ఇద్దరు పట్టుకుంటే ఎక్కాను. కాళ్ళు గాలిలో వేలాడాయి. సంత మొత్తం నా కింద కనిపించింది. గొర్రెల వీపులు, మనుషుల టోపీలు.

"ఇలా ఉండాలి" అన్నాడు తాత. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ నాన్న చూసుంటే బాగుండేది."

"ఇదే" అన్నాను.

టోపీ మనిషి ఇంకేదో చెప్పబోయాడు. నేను వినలేదు. ఆ ఇద్దరూ ఇంకా బండిని పట్టుకునే ఉన్నారన్న సంగతి కూడా గమనించలేదు.

జూన్ 10, సోమవారం

గొర్రెల లారీలో తెచ్చిన బండికి దీవెన ఇచ్చారు. హ్యాండిల్‌కి తెల్ల గుడ్డ కట్టారు. పెద్దవాళ్ళు వరసగా నిలబడి అరచేతులు పైకెత్తి, దారి తెరుచుకోవాలి, చక్రం జారకూడదు, వెళ్ళిన చోటల్లా పిల్లల ఏడుపు వినిపించాలి అన్నారు. చివరి మాటకి ఆడవాళ్ళు కొందరు నా వైపు చూసి తల దించుకున్నారు. ఇంటింటి నుంచీ బోర్సోక్‌లని నూనెలో వేయించిన పిండి ముక్కలు, రొట్టెలు తెచ్చారు. కొత్తగా వచ్చినదాన్ని ఉత్త చేతులతో చూడకూడదు కాబట్టి చూపుకానుకలు కూడా. నాలుగు తలగుడ్డలు, ఒక టీ కెటిల్.

"ఒక చుట్టు తిప్పు నర్సమ్మా!" అని అరిచారు.

"దీవెన ఇచ్చిన రోజు ఎక్కకూడదు" అన్నాను.

నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. అలాంటి ఆచారం లేదు. మా తాతముత్తాతల్లో ఎవరూ అనలేదు.

దోలొత్ తాత గెడ్డం గోక్కున్నాడు. "ఎప్పుడూ వినలేదే."

"పై ఊళ్ళలో ఉందట తాతా."

"అలాగా? మంచిదే. దీవెన కుదురుకోవాలి కదా" అని ఆయనే సర్దిచెప్పాడు.

జూన్ 11, మంగళవారం

పడ్డాను.

జూన్ 12, బుధవారం

మళ్ళీ పడ్డాను. ఊరవతల ఎండిపోయిన కాలువ ఉంది, అక్కడికి తోసుకెళ్ళి నేర్చుకుంటున్నాను. గుర్రం ఎక్కినట్టు రాయి మీద నిలబడి ఎక్కాలి. స్టార్ట్ అవుతుంది. కదులుతుంది కూడా. పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది, నవ్వొస్తుంది కూడా. ఆపితే చాలు, ఒక పక్కకి ఒరుగుతుంది. కాలు చాపుతాను, నేల దొరకదు.

గుర్రం ఆగితే నిలబడుతుంది. ఇది ఆగితే పడుతుంది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

కాదు. ఆ టోపీ మనిషి చెప్పాడు.

లేపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వీపు ఆనించి నెడితేగాని లేవలేదు.

జూన్ 15, శనివారం

పెరిజాత్ ఫోన్ చేసింది. పైన ఒక్క రాయి మీద నిలబడితేనే సిగ్నల్ దొరుకుతుంది. వాళ్ళు ఎక్కితే మాట్లాడతాం, లేకపోతే లేదు.

"వదినా, నేను నెలాఖరుకి కిందికి దిగిపోనా? అత్తయ్య వద్దంటోంది. పాలు పితికే చేతులు తక్కువట. ఆడగుర్రాలు మళ్ళీ రెండు ఈనాయి. నువ్వేమంటావు?"

అత్తయ్యంటే మా అమ్మే. ఆ టైములో దోలొత్ తాత భార్య బీపీ చూపించుకోవడానికి వచ్చి నా ఎదురుగా కూర్చుని ఉంది. ఆమె వింటోంది. వింటోందని నాకు తెలుసు.

"నువ్వు కదలొద్దు" అన్నాను, గట్టిగా. "ఇప్పుడు నాకు మోటారుంది. గంటన్నరలో నీ ముందుంటాను."

"నిజంగానా? నేర్చేసుకున్నావా?"

"నేర్చుకోవడానికేముంది!"

"అమ్మయ్య" అంది పెరిజాత్. గాలి చప్పుడులో అదొక్కటే బాగా వినిపించింది.

ముసలావిడ నా చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకుంది. బీపీ రెండోసారి చూశాను. మొదటిసారి వచ్చిన అంకె రాసుకోవడం మరిచిపోయాను.

ఇంకా ముప్ఫై అయిదు రోజులుంది. నేర్చుకుంటాను. బోలెడు టైముంది.

జూన్ 18, మంగళవారం

ఇది రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

వారం నుంచీ పొద్దున్నే బండి తోసుకుంటూ ఊరు దాటుతున్నాను. చివరి ఇంటి వరకూ ఇంజను ఆన్‌లోనే ఉంచి పక్కన నడుస్తాను. వీధిలో ఇంకా చల్లగా ఉంది, కాసేపు వేడెక్కనిస్తున్నాను అని అడిగినవాళ్ళకి చెప్తాను. మధ్యాహ్నం అలాగే తోసుకొస్తాను. బండి కొత్తగా మెరిసిపోతుంటే అనుమానం వస్తుందని కాలువ గుంటలో బురద తీసి చక్రాలకు నేనే పూశాను. నా గౌను అంచులకు కూడా పూసుకున్నాను. ముప్ఫై ఏడేళ్ళ మనిషిని, ఇరవై మందికి పురుడు పోసినదాన్ని, కాలువలో కూర్చుని చక్రాలకు బురద పూస్తున్నాను.

తిరిగొస్తుంటే తేనె సబీరా ఎదురుపడింది, తన గాడిద మీద. రెండు కాళ్ళూ నేలకు ఆనించి ఆగింది.

"తోస్తున్నావేం? పెట్రోలు అయిపోయిందా?"

"అయిపోయింది పిన్నీ."

ఆమె మారుమాట్లాడకుండా దిగి, పెట్టెలో ఉన్న సీసా తీసి నా ట్యాంకు మూత తెరిచింది. ట్యాంకు నిండుగా ఉంది. పోసిన పెట్రోలు పోసినట్టే పొంగి, నీలం రంగు మీదుగా కారి మా ఇద్దరి బూట్ల మధ్య పడింది. ఆమె సీసా నిటారుగా చేసింది. ట్యాంకు వైపు చూసింది. చక్రాల బురద వైపు చూసింది. ఆ బురద చక్రం పక్కల మీదే ఉంది, నేలకు ఆనే చోట లేదు.

"సరేలే అమ్మాయ్" అని మూత పెట్టి, తన బండెక్కి వెళ్ళిపోయింది.

తిట్టుంటే తిరిగి తిట్టేదాన్ని.

జూన్ 19, బుధవారం

సబీరా ఎవరికీ చెప్పినట్టు లేదు. రొట్టెల కొట్టు దగ్గర చాలాసేపు నిలబడి విన్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

జూన్ 23, ఆదివారం

ఎడమ మణికట్టు బెణికింది. బండి మీద పడింది. దాని కింద ఎంతసేపు ఉన్నానో తెలియదు, ఒక గొర్రె వచ్చి చూసి వెళ్ళింది.

కుడిచేత్తో కట్టు కట్టుకుని రిజిస్టరు ముందు పేజీలో రాశాను: జిపార్, 37, ఎడమ మణికట్టు, ఆవు తన్నింది. మా ఇంట్లో ఆవు లేదు. పైన ఉంది, నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో.

జూన్ 27, గురువారం

రాయనన్నాను. రాస్తాను. చేతికి కట్టుంది, పని లేదు, తప్పించుకోవడానికి వంక దొరకడం లేదు.

పోయిన ఏడు వాగు పొంగలేదు. మోకాలి లోతు కూడా లేదు. దారిలో బాక్తికాన్ గుడారం ఉంది. ఆమె రొట్టె పట్టుకుని బయటికొచ్చి, "ముట్టుకోకుండా పోతావా నర్సమ్మా?" అంది. రొట్టె ముట్టుకోకుండా ఎవరూ పోరు. జీను మీంచే వంగి ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకుంటే సరిపోయేది. తొందర్లో ఉన్నవాళ్ళు అలాగే చేస్తారు, ఎవరూ తప్పు పట్టరు.

నేను దిగాను. ఎందుకంటే ఆమె, "గుర్రం మీద నువ్వొస్తుంటే మగాళ్ళు కూడా ఆగి చూస్తారమ్మా" అంది. లోపల ఇంకో ముగ్గురున్నారు. పులిసిన గుర్రప్పాలు పోశారు. నేను పెళ్ళిలో గుర్రప్పందెం గెలిచిన సంగతి చెప్పమన్నారు. చెప్పాను. అరగంట. ఇంకా ఎక్కువేనేమో.

పెరిజాత్ దగ్గరికి వెళ్ళేసరికి బిడ్డ నీలంగా ఉంది. "ఒక్క అరగంట ముందొచ్చుంటే" అని మా అమ్మ అంది. నన్ను అనలేదు. వాగుని తిట్టింది.

ఈ సంగతి ఈ రిజిస్టరుకి తప్ప ఎవరికీ తెలియదు.

జులై 1, సోమవారం

పెరిజాత్‌ని దిగిపొమ్మని చెప్పేస్తాను. నాకు రాలేదు, నేను రాలేను అని ఉన్నదున్నట్టు. ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది. వాళ్ళు రాయెక్కితేనే కదా. పైకి వెళ్ళే లారీతో కబురు పంపుదామంటే అది నిన్ననే వెళ్ళింది, మళ్ళీ పదిరోజులకి.

అది నిన్న వెళ్తుందని నాకు తెలుసు. నా కిటికీ ముందు నుంచే వెళ్ళింది. డ్రైవరు చెయ్యూపాడు, నేనూ ఊపాను.

జులై 3, బుధవారం

సబీరా ఇంటికి వెళ్ళాను. తోటలో వల ముసుగు వేసుకుని పెట్టెలు చూస్తోంది. ముసుగు తియ్యకుండానే అంది:

"ఎన్నిసార్లు పడ్డావు?"

"పదకొండు."

"నేను మొదటి రోజు మూడుసార్లు పడ్డా. అందుకే అది అమ్మేసి ఇది కొన్నా." బండి వైపు తల ఊపింది. "ఊరు దీన్నేమంటుందో నాకు తెలుసు. నువ్వేమంటావో కూడా తెలుసు."

"నన్ను క్షమించు పిన్నీ" అన్నాను.

"క్షమాపణలు తర్వాత. ఎక్కు ముందు."

ఎక్కాను. పాదాలు ఆనాయి. మడమలు కూడా. ఏడ్చేశాను. సబీరా పట్టించుకోలేదు.

"స్టార్ట్ చెయ్యకు. కాళ్ళతో నడిపించు, బాతులా. తోట చివరిదాకా వెళ్ళి రా. భయమేస్తే కాలు పెట్టు. కాలు పెట్టడం తప్పేం కాదు, నేల ఉన్నదే అందుకు."

నాలుగుసార్లు నడిపించాక స్టార్ట్ చెయ్యనిచ్చింది. సాయంత్రానికి తోట చుట్టూ తిరిగాను. ఒక తేనెటీగ మెడ మీద కుట్టింది. ఒక్కసారి కూడా పడలేదు.

జులై 6, శనివారం

నాలుగో గేరు వరకూ వచ్చింది. గులకరాళ్ళ మీద కూడా. సబీరా బండి కావలసినన్ని రోజులు ఉంచుకోమంది. కాలువ అవతలే నడుపుతున్నాను, ఊళ్ళోకి తేవడం లేదు.

"ఊరికి చెప్పెయ్" అంటుంది సబీరా.

చెప్తాను. నీలం బండికి ఏదో మరమ్మతు వచ్చిందంటాను, కొన్నాళ్ళకి అందరూ మర్చిపోతారు.

"అది చెప్పడం కాదు" అంది.

ఇరవైకి ఇంకా రెండు వారాలుంది.

జులై 11, గురువారం. పైన, అమ్మ గుడారంలో

రిజిస్టరు మందుల పెట్టెలో నాతోనే వచ్చింది.

తొమ్మిదో తారీఖు పొద్దున పదింటికి మురాస్ ఫోన్ చేశాడు. "అక్కా, నొప్పులు మొదలయ్యాయి. పొద్దున్నుంచీ ఆగట్లేదు. త్వరగా రా." పదకొండు రోజుల ముందు.

నేను చెప్పకముందే ఊరికి తెలిసిపోయింది. ఫోన్ నా చేతిలో ఉండగానే దోలొత్ తాత, పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు ఆస్పత్రి గది ముందుకొచ్చేశారు. ఇద్దరు ముసలివాళ్ళు షెడ్డులోంచి నీలం బండి తీసుకొచ్చి నిలబెట్టి పట్టుకున్నారు. ఎవరో మందుల పెట్టె కట్టేశారు. తెల్ల గుడ్డ కొత్తది మార్చారు. మోటారు నడపగలిగిన వయసువాళ్ళందరూ పైన మేతలోనే ఉన్నారు. ఊళ్ళో ఉన్నది ముసలివాళ్ళూ, పిల్లలూ, నేనూ.

తాత అరచేతులు పైకెత్తాడు. "ఎక్కు తల్లీ. దారి తెరుచుకోవాలి..."

ఎక్కేదాన్నే. నిజం రాయాలి కదా. ఒక కాలు పైకెత్తాను కూడా. ఊరు దాటేదాకా పడకుండా ఉంటే చాలు, కాలువ దగ్గర బండి మార్చుకోవచ్చు అని లెక్క వేసుకున్నాను. ఒకవేళ పడి, ఆ బరువు కాలి మీద పడితే? ఆ "ఒకవేళ"కి అవతల పెరిజాత్ ఉంది. కాలు దించాను.

"తాతా, ఇది నాకు నడపడం రాదు."

"ఏంటి?"

"రాదు. ఒక్కరోజు కూడా నడపలేదు. తోసుకెళ్ళి తోసుకొచ్చేదాన్ని."

తాత భార్య, నా చెయ్యి ముద్దుపెట్టుకున్నావిడే, మెల్లిగా అడిగింది. "మరి ఆ బురద?"

"నేనే పూశాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపేశారు. అంతమంది ముందు బట్టల్లేకుండా నిలబడ్డట్టుంది. ఇంటికొక గొర్రె ఇచ్చినవాళ్ళు. ఒక్కొక్కరి గొర్రె నాకు గుర్తుంది, ఏ చెవికి ఏ కోత ఉందో కూడా.

"కాళ్ళు అందవు" అన్నాను. "కొన్న రోజే తెలుసు. ఎర్రది తీసుకోవాల్సింది. గాడిదంటారని తీసుకోలేదు."

"నిలబడి చూస్తారేంటయ్యా?" సబీరా గొంతు వినిపించింది. కాలువ దగ్గర నేనుంచిన తన బండి తీసుకుని, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఆ పెట్టె విప్పి దీనికి కట్టండి. అక్కడ పిల్ల నొప్పులు పడుతోంది. నర్సమ్మని తర్వాత తిట్టుకోవచ్చు, ఎక్కడికీ పారిపోదు."

కట్టారు. తాత చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. నీలం బండి మీంచి చూపు తిప్పుకుని, సబీరా బండి వైపు తిరిగి, ఆపిన చోటి నుంచి దీవెన పూర్తి చేశాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

రెండు కాళ్ళూ కిందికి దించి, బాతులా, ఊరందరి ముందు నుంచీ వెళ్ళాను.

మొదటి వాగులో రాళ్ళు జారుతున్నాయి. నీళ్ళలో పాదాలు ఆనించి బండిని నడిపించాను. రెండో వాగులోనూ అంతే. నీలం బండయితే అక్కడే పోయేదాన్ని. బాక్తికాన్ గుడారం దగ్గర ఆమె దూరం నుంచే చూసి రొట్టె పట్టుకుని దారిలోకి వచ్చింది.

"దిగు నర్సమ్మా! గాడిదేంటి, గుర్రమేమైంది?"

ఆగాను. ఇంజను ఆపలేదు. ఒక కాలు నేల మీద పెట్టి, ఒక ముక్క తుంచి, నోట్లో వేసుకుని, పోయాను. వెనక నుంచి ఆమె ఏదో అంది. కొండ పైకి చేరేదాకా రొట్టె నోట్లోనే ఉండిపోయింది.

రెండు గంటల పది నిమిషాలు పట్టింది. గంటన్నర అని చెప్పాను కదా, అది కూడా అబద్ధమే.

బిడ్డ మెడకు పేగు రెండు చుట్లు ఉంది. తప్పించాను. కాళ్ళు పట్టి వీపు రుద్దాను. ఏడవలేదు. మళ్ళీ రుద్దాను. ఏడ్చింది. ఆడపిల్ల. అమ్మ గుడారం బయటికెళ్ళి కొండలు దద్దరిల్లేలా ఏడ్చింది, ఆమెను చూసి కుక్కలు మొరిగాయి. లోపలికొచ్చి, "ఇంకో అరగంట గనక..." అని ఆగిపోయింది.

పెరిజాత్ నా వైపు చూసింది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. అది ఇవాళ రాయను.

జులై 14, ఆదివారం

కిందికి దిగాను. ఆస్పత్రి గది మెట్ల మీద దోలొత్ తాత కూర్చుని ఉన్నాడు.

"పాప ఎవరి పోలిక?"

"వాళ్ళమ్మ పోలికే తాతా."

"మంచిది." చాలాసేపు చేతికర్రతో నేల మీద గీతలు గీశాడు. "నేను కూడా ఛాతీ వెడల్పుందన్నాను. ఇనుముకి ఛాతీ ఏంటి, ముసలి వెధవని. నీకు ఎక్కడం రాదని తెలియకపోవడం నా తప్పు. రాదని నాకు చెప్పకపోవడం నీ తప్పు. నాదానికంటే నీది పెద్దది."

"పెద్దదే."

"దీవెన రోజు ఎక్కకూడదన్నావే. అదీ కల్పనేనా?"

"అదీ కల్పనే తాతా."

"ఓసి నీ! పోయిన నెల పట్నంలో మా మనవడు కారు కొంటే ఒక రోజంతా ఎక్కనివ్వలేదు నేను. పెళ్ళికూతుర్ని తీసుకురావడానికి అందరూ ట్రాక్టరు మీద పోయారు!" నవ్వు ఆపుకోవాలని చూశాడు, దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక కూడా నవ్వు తగ్గలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

వచ్చే ఆదివారం నీలం బండిని సంతకు తోలుకుపోతాం. ఎర్రది ఇంకా ఉంటే మార్చుకుంటాం. "ఈసారి నువ్వు కూర్చో, ఆ టోపీ వాడు మాట్లాడతాడు, నేను నోరు మూసుకుంటా" అన్నాడు.

రిజిస్టరు ముందు పేజీలో "ఆవు తన్నింది" కొట్టేసి, "మోటారుసైకిలు మీంచి పడింది, పదకొండుసార్లు" అని రాశాను. ఎర్ర సిరాతో, తనిఖీవాళ్ళకి కనబడేలా. వాళ్ళు చూడరు.

జులై 16, మంగళవారం

పదకొండున రాయకుండా వదిలేసింది.

పెరిజాత్ పాపకి పాలిస్తోంది. అమ్మ, మురాస్ గుర్రాల దగ్గరున్నారు. గుడారం పైన తెరిచిన చోటి నుంచి ఎండ సరిగ్గా పాప కాళ్ళ మీద పడుతోంది.

"వదినా, ఈసారి బాక్తికాన్ పిన్ని దగ్గర దిగలేదా?"

"ఈసారి" అంది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"పోయిన ఏడు మేత అయిపోయి కిందికి దిగేటప్పుడు వాళ్ళ దగ్గర ఆగాం. ఆవిడే చెప్పింది. మీ వదిన ఎంత బాగా మాట్లాడుతుందమ్మా, మూడు గిన్నెలు తాగింది, గుర్రప్పందెం కథ చెప్పి మమ్మల్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించింది అని. ఏ రోజు పిన్నీ అని అడిగాను. చెప్పింది."

"మురాస్‌కి చెప్పావా?"

"లేదు. అత్తయ్యకీ చెప్పలేదు. చెప్తే ఏమొస్తుంది?"

నేను ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. సంవత్సరం పాటు ఆమె నాకు ఫోన్ చేసింది, వెన్న పంపింది, పండక్కి నా చేతులు పట్టుకుంది. అన్నీ తెలిసే.

"అంత తెలిసీ పైనే ఎందుకున్నావు పెరిజాత్?" అన్నాను చివరికి. "నెలాఖరుకే దిగిపోవాల్సింది కదా. నన్ను ఎలా నమ్మావు?"

ఆమె పాపని ఇంకో వైపుకి మార్చుకుంది. కుదురుగా పట్టుకున్నాక నా వైపు చూసింది.

"నువ్వు కదలొద్దన్నావు కదా వదినా" అంది.

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటుందేమోనని చాలాసేపు వెతికాను.